రాత్రి డబ్బాపాలు పట్టాక పాప నాలుగు గంటలు పడుకుంటే

మీ పాపకు ఇప్పుడు 24 రోజులు. సిజేరియన్ కాన్పు. పుట్టినప్పుడు 2.9 కిలోలు, నాలుగో రోజు ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు 2.7 కిలోలు, నిన్న తూచినప్పుడు 3.2 కిలోలు ఉందని రాశారు. సాయంత్రం ఆరు నుంచి రాత్రి పదకొండు దాకా పాప రొమ్ము వదలకుండా, వదిలితే ఏడుస్తూ ఉండడం చూసి, మీ అమ్మగారూ అత్తగారూ కూడా పాలు చాలడం లేదని తేల్చడంతో నాలుగు రోజులుగా రాత్రి పదింటికి 60 మిల్లీలీటర్ల డబ్బాపాలు సీసాతో పడుతున్నారు. అప్పటి నుంచి పాప పదకొండుకు పడుకుని మూడింటి దాకా లేవడం లేదు. అయితే పగలు రొమ్ము దగ్గర చిరాకు పడుతోంది, విరేచనం ఆకుపచ్చగా, చిక్కగా మారింది, మీకు రాత్రి రెండింటికి రొమ్ములు బిగుసుకుపోయి నొప్పి పెడుతున్నాయి. నా పాలు నిజంగానే చాలలేదా, డబ్బాపాలు కొనసాగించవచ్చా, మానేస్తే నిద్ర మళ్లీ మొదటికి వస్తుందా అన్నవి మీ ప్రశ్నలు. నవజాత శిశువుల వార్డులో నర్సుగా చేరి, ఆ తర్వాత తల్లిపాల సలహాదారుగా హైదరాబాద్‌లో బాలింతల మధ్యే ఉద్యోగమంతా గడిపినదాన్ని కనుక కాస్త వివరంగానే రాస్తాను.

మొదటి ప్రశ్నకు జవాబు మీరు రాసిన బరువుల్లోనే ఉంది. పుట్టిన బిడ్డ మొదటి కొద్ది రోజుల్లో తన బరువులో 7 నుంచి 10 శాతం వరకు తగ్గడం మామూలు. మీ పాప తగ్గిన 200 గ్రాములు ఏడు శాతం లోపే. ఆ తర్వాత రోజుకు 20 నుంచి 30 గ్రాముల చొప్పున పెరుగుతోందా లేదా అని చూస్తాం. మీ పాప సుమారు ఇరవై రోజుల్లో 500 గ్రాములు, అంటే రోజుకు దాదాపు 25 గ్రాములు పెరిగింది. ఆ ఇరవై రోజుల్లో పదహారు రోజులు ఇంట్లో పాలడబ్బా అన్నదే లేదు. మిగిలిన నాలుగు రోజుల సంగతి చూసినా, ఈ వయసు బిడ్డకు కిలో బరువుకు రోజుకు సుమారు 150 మిల్లీలీటర్ల పాలు కావాలి; 3.2 కిలోల పాపకు అది 480 మిల్లీలీటర్లు. మీరు పట్టిన 60 మిల్లీలీటర్లు అందులో ఎనిమిదో వంతు మాత్రమే. మిగతా ఏడు వంతులూ మీరు ఇచ్చినవే.

రెండు తూనికలూ వేర్వేరు యంత్రాల మీద, ఒకసారి బట్టలతో, ఒకసారి బట్టలు లేకుండా తూచినవైతే ఈ లెక్కలో కొంత తేడా ఉండవచ్చు కాబట్టి మూత్రం లెక్క కూడా చూడండి. ఇరవై నాలుగు గంటల్లో కనీసం ఆరు సార్లు, లేత రంగులో మూత్రం పోస్తే పాలు అందుతున్నట్టే. డైపర్‌లో తడి ఎన్నిసార్లు అయిందో తెలియదు. ఒక్క రోజు డైపర్ పక్కన పెట్టి మెత్తని పాత నూలు గుడ్డలు వాడితే ఎవరి అభిప్రాయమూ అవసరం లేకుండా లెక్క తేలిపోతుంది.

అంత చక్కగా పెరుగుతున్న పాప సాయంత్రమంతా ఎందుకు ఏడుస్తోంది అన్నదే మీ ఇంట్లో అందరినీ తికమక పెట్టిన సంగతి. పుట్టిన రెండో వారం నుంచి పిల్లల్లో ఏడుపు పెరగడం మొదలై, ఆరో వారం దగ్గర పతాక స్థాయికి చేరి, మూడు నాలుగు నెలలకు తగ్గిపోతుంది. ఆ ఏడుపులో ఎక్కువ భాగం సాయంత్రం, రాత్రి మొదటి జాములోనే ఉంటుంది. తల్లిపాలు తాగే పిల్లలు అదే సమయంలో గంటల తరబడి, పది నిమిషాలు తాగి, పావుగంట కునికి, మళ్లీ తాగి, ఇలా మళ్లీ మళ్లీ తాగుతారు. సాయంత్రానికి రొమ్ము మెత్తగా ఉంటుంది, పాల ధార పొద్దుటంత వేగంగా ఉండదు, కానీ ఆ పాలలో కొవ్వు ఎక్కువ. మెత్తగా ఉన్న రొమ్మును చూసి ఖాళీ అయిందనుకుంటారు. రొమ్ము పూర్తిగా ఖాళీ కావడం అంటూ ఉండదు, బిడ్డ తాగుతున్నంత సేపూ పాలు తయారవుతూనే ఉంటాయి. మూడో వారంలో, ఆరో వారంలో పిల్లలు ఇలా ఎక్కువ తాగి, ముందు రోజులకు కావలసిన పాలను తామే పెంచుకుంటారు. సరిగ్గా ఆ రోజుల్లోనే చాలా ఇళ్లలో డబ్బా తెరుచుకుంటుంది.

ఇంకొక మాట. ఆచారం ప్రకారం ఇరవై ఒకటో రోజున బారసాల చేసి ఉంటే, అది కూడా ఈ నాలుగు రోజుల్లోనే పడింది. పగలంతా పదిమంది చేతులు మారి, ఫోటోల వెలుతురులో, మాటల సందడిలో గడిపిన ఇరవై రోజుల పసిబిడ్డ ఆ సాయంత్రం అమ్మ ఒడి వదలకపోతే అందులో ఆకలి పాత్ర ఎంతో నేనైతే చెప్పలేను.

ఇక ఆ నాలుగు గంటల నిద్ర సంగతి. డబ్బాపాలకు నిద్ర పుచ్చే గుణం ఏదీ లేదు. అవి కడుపులోంచి కిందికి జారడానికి తల్లిపాల కన్నా ఎక్కువ సమయం తీసుకుంటాయి. తల్లిపాలలో, ముఖ్యంగా మొదటి వారాల్లో, వే ప్రోటీన్ (పాలు విరిగితే తేటలో మిగిలేది) ఎక్కువగా, కేసిన్ అనే ప్రోటీన్ తక్కువగా ఉంటాయి. కేసిన్ కడుపులో గడ్డకట్టి నెమ్మదిగా అరుగుతుంది. ఆవుపాలలో ఈ నిష్పత్తి తలకిందులుగా ఉంటుంది. ఆవుపాల నుంచే తయారయ్యే పసిపిల్లల పాలపొడిలో వే కలిపి నిష్పత్తిని సరిదిద్దినా అరుగుదల తల్లిపాలంత తేలిక కాదు. దానికి తోడు, రొమ్ము దగ్గర నాలుగు గంటలు మళ్లీ మళ్లీ తాగి అలసిపోయిన బిడ్డకు, సీసాలోంచి ధారగా 60 మిల్లీలీటర్లు ఒకేసారి పడితే ఒళ్లు తెలియని నిద్ర పడుతుంది. అది తృప్తి అనుకోవడం సహజం. కానీ అదే సమయంలో మీ పాలే పిండి అంతే మోతాదు సీసాతో పట్టినా చాలామంది పిల్లలు ఇలాగే సోలిపోతారని నా అనుభవం.

ఈ వయసులో నిద్ర ఎలా ఉంటుందో తెలిస్తే నిద్ర లేవడం పట్ల భయం కొంత తగ్గుతుంది. నవజాత శిశువు రోజుకు 14 నుంచి 17 గంటలు పడుకుంటుంది, కానీ ముక్కలు ముక్కలుగా. ఒక్కో నిద్ర చక్రం గంట లోపే ముగుస్తుంది. అందులో సగం దాకా కదలికల నిద్ర, అంటే కళ్లు మూసుకునే మూలగడం, మూతి చప్పరించడం, చేతులు విసరడం. ఆ మూలుగు విని లేచిందనుకుని ఎత్తుకుంటే నిజంగానే లేస్తుంది; ఒక నిమిషం ఆగి చూడండి. రాత్రికీ పగలుకూ తేడా తెలిసే శరీర గడియారం పుట్టుకతో రాదు, రెండు మూడు నెలల వయసులో కుదురుకుంటుంది. అప్పటిదాకా ఆ కొరతను కొంత తీర్చేది రాత్రి పూట తల్లిపాలే. చీకటి పడ్డాక వచ్చే పాలలో నిద్రకు తోడ్పడే మెలటోనిన్ ఉంటుంది, పాలపొడిలో అది ఉండదు. పసిబిడ్డ తరచూ, తేలికగా మేలుకోవడం ఆమెకు రక్షణ కూడా. నిద్రలో హఠాత్తుగా జరిగే శిశుమరణాలు తల్లిపాలు తాగే పిల్లల్లో తక్కువ.

మరి ఇంట్లోవాళ్ల నిద్ర? 2007లో అమెరికాలో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, మూడు నెలల పిల్లలున్న తల్లిదండ్రులను చూసినప్పుడు, సాయంత్రం, రాత్రి తల్లిపాలే పట్టినవాళ్లు డబ్బాపాలు పట్టినవాళ్ల కన్నా సగటున 40 నుంచి 45 నిమిషాలు ఎక్కువ నిద్రపోయారు. అర్ధరాత్రి నీళ్లు కాచి, పాలు కలిపి, సీసా కడిగి పడుకోవడం కన్నా పక్కకు తిరిగి పాలిచ్చి పడుకోవడం సులువు అన్నది బాలింతలు చెప్పగా నేను విన్న మాటే. మీ ఇంట్లో ఇప్పుడు పాప నిద్రపోతోంది, మీవారు నిద్రపోతున్నారు. రెండింటికి రొమ్ముల బిగువుతో లేచి కూర్చుంటున్నది మీరొక్కరే.

ఆ బిగువు గురించి చెప్పవలసింది కొంత ఎక్కువే ఉంది, ఎందుకంటే మీ ప్రశ్నలో నన్ను ఆలోచింపజేసింది అదే. పాలను తయారుచేయించే ప్రొలాక్టిన్ హార్మోన్ రాత్రి వేళ, తెల్లవారుజామున ఎక్కువగా ఉంటుంది. బిడ్డ చప్పరించిన ప్రతిసారీ ఇంకా పెరుగుతుంది. రొమ్ము నిండి చాలాసేపు అలాగే ఉండిపోతే, తయారీ తగ్గించమని రొమ్ములోనే సంకేతం పుడుతుంది. మొదటి ఆరు వారాలూ శరీరం ఈ బిడ్డకు ఎన్ని పాలు కావాలో నేర్చుకునే కాలం. అలాంటి సమయంలో రోజూ రాత్రి పది నుంచి మూడు దాకా రొమ్ము ముట్టకపోతే, ఆ వేళకు పాలు అక్కర్లేదని శరీరం అర్థం చేసుకుంటుంది. పది పదిహేను రోజుల్లో పగలు కూడా పాలు తగ్గినట్టు అనిపిస్తుంది, రెండో సీసా మొదలవుతుంది, చివరికి పాలు చాలవన్న పెద్దవాళ్ల మాటే నిజమైనట్టు కనిపిస్తుంది. ఈలోగా నిండిన రొమ్ములో పాలు గడ్డకట్టి, ఎర్రబడి, చలిజ్వరంతో రొమ్ము వాపు వచ్చే ప్రమాదం వేరే. ఒకవైపు ఎర్రగా, వేడిగా మారి జ్వరం వస్తే ఆ రోజే డాక్టరుకు చూపించుకోవాలి, అయినా పాలివ్వడం మాత్రం మానకూడదు.

పగలు రొమ్ము దగ్గర చిరాకు కూడా ఇక్కడిదే. రొమ్ములో పాలు జారడానికి బిడ్డ ఒక నిమిషమో రెండు నిమిషాలో చప్పరించి ఎదురుచూడాలి. సీసాను ఒంపితే చాలు. నాలుగు రోజుల అలవాటు కాబట్టి తేలికగానే పోతుంది.

విరేచనం మారడం మాత్రం భయపడవలసినది కాదు. తల్లిపాలు మాత్రమే తాగినప్పుడు ఆవపిండి రంగులో పలచగా, గింజలు గింజలుగా ఉండే విరేచనం, డబ్బాపాలు చేరాక చిక్కబడి, ఆకుపచ్చ లేదా గోధుమ రంగుకు తిరిగి, వాసన పెరిగి, సంఖ్య తగ్గుతుంది. రక్తం చారలు, జిగురు, ఒంటి మీద దద్దుర్లు, పట్టిన ప్రతిసారీ బలంగా వాంతి కనిపిస్తే మాత్రం ఆవుపాల ప్రోటీన్ పడకపోయి ఉండవచ్చు. డబ్బా ఆపి పిల్లల డాక్టరుకు చూపించండి. ముఖం ఉబ్బినా, ఊపిరి కష్టమైనా అది అత్యవసరం.

కాబట్టి నా అభిప్రాయం ఇది. డబ్బాపాలు విషం కావు. బరువు పెరగని బిడ్డకు, రక్తంలో చక్కెర పడిపోయే బిడ్డకు, తల్లి ప్రాణాపాయంలో ఉన్న బిడ్డకు అవి ప్రాణం నిలిపిన సందర్భాలు వార్డులో ఎన్నో చూశాను. తల్లి అన్నీ ఆలోచించుకుని, ఇక నా వల్ల కాదు, రోజుకు ఒకసారి డబ్బాపాలు పడతాను అని నిర్ణయించుకుంటే అది కూడా గౌరవించవలసిన నిర్ణయమే, అందులో తప్పు చేసిన భావం అక్కర్లేదు. కానీ బరువు చక్కగా పెరుగుతున్న బిడ్డకు, నిద్ర కోసమని, మూడో వారంలో, అదీ రాత్రి పదింటికి మొదలుపెట్టడం మాత్రం ఉన్న కారణాల్లో బలహీనమైనది, ఉన్న సమయాల్లో తల్లిపాలకు ఎక్కువ నష్టం చేసేది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ మొదటి ఆరు నెలలు తల్లిపాలు మాత్రమే ఇవ్వమని చెప్పేది ఆదర్శం కోసం కాదు. పాలు తయారయ్యే పద్ధతే అలాంటిది.

మానేయాలనుకుంటే నాలుగు రోజుల అలవాటుకు మెల్లగా తగ్గించే ప్రణాళిక ఏమీ అవసరం లేదు, ఈ రాత్రే ఆపవచ్చు. పది, పదిన్నరకు పాప నిద్రమత్తులో ఉన్నా సరే ఎత్తుకుని రెండు వైపులా పట్టండి. ఒంటి గంట ప్రాంతంలో లేస్తుంది, లేవకపోతే మీకు బిగువు అనిపించినప్పుడు మీరే పట్టండి. రెండు మూడు రాత్రులు ఎక్కువసార్లు లేస్తుంది. అదే మీ పాలను మళ్లీ పెంచే పని. సాయంత్రం ఆరు నుంచి పది మధ్య మీ అమ్మగారి సాయం వంటింట్లో కాక అక్కడ కావాలి: ఒకసారి పాలిచ్చాక మళ్లీ ఇచ్చే దాకా పాపను ఆవిడ భుజం మీద వేసుకుని మసక వెలుతురులో తిప్పితే మీరు అరగంటైనా నడుం వాల్చవచ్చు.

సిజేరియన్ కుట్లతో కూర్చుని పాలివ్వడం కష్టమై పట్టు, అంటే పాప రొమ్మును నోటితో పట్టుకోవడం, సరిగా కుదరకపోవడం చాలా తరచుగా చూస్తాను. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే కాబట్టి ఇది ఇంటింటి సమస్యే. కుట్ల మీద బరువు పడకుండా పక్కకు తిరిగి పడుకుని, పాపను మీ వైపు పూర్తిగా తిప్పి, ఆమె పొట్ట మీ పొట్టకు ఆనేలా పెట్టుకోండి. చనుమొన ఆమె ముక్కుకు ఎదురుగా ఉండాలి, నోటికి కాదు. అప్పుడు ఆమె తల కొంచెం వెనక్కి వంచి నోరు పెద్దగా తెరుస్తుంది. తెరిచిన క్షణంలో వీపు దగ్గర చేయి వేసి దగ్గరికి తీసుకుంటే మొన ఒక్కటే కాక చుట్టూ ఉన్న నల్లని భాగం కూడా, కింది వైపు ఎక్కువగా, నోట్లోకి వెళ్తుంది. గడ్డం రొమ్ముకు ఆనాలి, కింది పెదవి బయటికి తిరిగి ఉండాలి. మొదట గబగబా చిన్న చప్పరింపులు ఉంటాయి. పాలు జారాక చప్పరింపు నెమ్మదై, దవడ కిందికి దిగి, ఒక క్షణం ఆగి, గుటక పడిన చప్పుడు వినిపిస్తుంది. ఆ గుటకలు వినిపిస్తున్నంత సేపు పాలు పోతున్నాయి. గుటకలు ఆగి కేవలం చప్పరింపు మిగిలితే రొమ్మును చేత్తో మెల్లగా అదిమి పట్టుకోండి, మళ్లీ గుటకలు మొదలవుతాయి. అప్పటికీ రాకపోతే రెండో వైపుకు మార్చండి. మొదటి కొద్ది క్షణాలు దాటాక కూడా నొప్పి ఉండిపోయినా, వదిలాక మొన నలిగి చదునుగా కనిపించినా పట్టు తప్పిందని గుర్తు. చిటికెన వేలు నోటి మూలలో పెట్టి విడిపించి మళ్లీ పట్టించండి.

కొనసాగించాలనే నిర్ణయించుకుంటే, ముందు రెండు వైపులా మీ పాలు పట్టి ఆ తర్వాతే డబ్బాపాలు, అదీ 30 మిల్లీలీటర్లకు మించకుండా పట్టండి. వీలైతే దాన్ని రాత్రి పది నుంచి సాయంత్రం ఏడుకు మార్చండి. అప్పుడు రాత్రి వేళ రొమ్ము పట్టడం తప్పిపోదు. డబ్బాపాలు పట్టిన సమయంలో, పాప తాగకుండా రొమ్ములో మిగిలిన పాలను చేత్తో పిండేయండి. ఆ పిండిన పాలనే మర్నాటి సాయంత్రం పడితే డబ్బా అవసరమే తప్పవచ్చు. తల్లిపాలు ఫ్రిజ్‌లో నాలుగు రోజులు నిలవ ఉంటాయి, బయట 25 డిగ్రీల లోపు గదిలో నాలుగు గంటలే ఉంటాయి కాబట్టి మన ఏప్రిల్, మే ఎండల్లో పిండిన వెంటనే ఫ్రిజ్‌లో పెట్టాలి. సీసా బదులు ఉగ్గుగిన్నె వాడండి. అత్తగారి దగ్గర వెండిది ఉండే ఉంటుంది. దాన్ని మరిగే నీళ్లలో వేసి తీసి, పాపను నిటారుగా కూర్చోబెట్టుకున్నట్టు పట్టుకుని, గిన్నె ముక్కును కింది పెదవికి ఆనించి, ఆమె నాలుకతో తీసుకున్నంత మేరకే వంచాలి, నోట్లో పోయకూడదు. సీసాయే తప్పదంటే నిలువుగా కాక అడ్డంగా పట్టుకుని, మధ్య మధ్య ఆపుతూ, పావుగంట పట్టేలా తాగించండి.

పాలు కలపడంలో అజాగ్రత్త ఎక్కువ హాని చేస్తుంది. పాలపొడి క్రిములు లేని వస్తువు కాదు; క్రోనోబ్యాక్టర్ అనే బ్యాక్టీరియా అందులో బతకగలదు, రెండు నెలల లోపు పిల్లలకు అది ప్రమాదకరం. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 70 డిగ్రీలకు తగ్గని వేడి నీళ్లతో పొడి కలపమంటుంది. నీళ్లు తెర్లేలా కాచి, దించిన అరగంట లోపే, కడిగి మరిగించిన గిన్నెలో ముందు నీళ్లు కొలిచి పోయండి, తర్వాత పొడి వేయండి. ఎక్కువ డబ్బాల మీద 30 మిల్లీలీటర్ల నీళ్లకు ఒక చెంచా అని ఉంటుంది, మీ డబ్బా మీద ఏముందో చూసుకోండి. ఆ డబ్బాలో వచ్చిన చెంచానే వాడాలి, పొడి అదమకుండా, పైన మిగిలిన దాన్ని చాకు వెనుక వైపుతో గీసి సమం చేయాలి. పలచగా కలిపితే బిడ్డ ఎదగదు, చిక్కగా కలిపితే మూత్రపిండాల మీద భారం పడుతుంది; బాగా నిద్రపోతుందని అర చెంచా ఎక్కువ వేసే అమ్మమ్మలు ఉన్నారు, ఆ సంగతి ముందే మాట్లాడుకోండి. తర్వాత గిన్నెను చల్లని నీళ్లలో ఉంచి చల్లార్చి, మణికట్టు లోపలి వైపు ఒక చుక్క వేసి చూసి పట్టాలి. కలిపిన రెండు గంటలలోపు వాడాలి, పాప తాగగా మిగిలినవి పారబోయాలి.

నీళ్ల విషయంలో మన ఊళ్లో ఒక చిక్కు ఉంది. బోరు, ట్యాంకరు నీళ్లను ఎంత కాచినా వాటిలోని లవణాలు, ఫ్లోరైడ్, నైట్రేట్లు పోవు. కాచిన కొద్దీ ఇంకా చిక్కబడతాయి. అందువల్ల నల్లా నీళ్లో, ఇంట్లోని ఫిల్టరు నీళ్లో తీసుకుని కాచండి. క్యాన్ నీళ్లు కొన్నా కాచవలసిందే.

నిద్ర కోసం, వాయువు కోసం అని ఇళ్లలో ఇచ్చే మిగతా వాటికి నేను ఒప్పుకోను. గ్రైప్ వాటర్, వస అరగదీసిన నీళ్లు, ఆముదం, చక్కెర నీళ్లు, ఆవుపాలు, గేదెపాలు ఏవీ వద్దు. తేనె ఏడాది లోపు నాలుకకు రాయడం కూడా వద్దు, దానితో బోటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు వచ్చే అవకాశం ఉంది. ఎండాకాలంలో కూడా ఆరు నెలల దాకా విడిగా నీళ్లు అక్కర్లేదు. దాహం వేయవలసింది మీకు: బాలింతకు నీళ్లు ఎక్కువ ఇవ్వకూడదన్న పథ్యాన్ని పాటించకండి, దాహమైనప్పుడల్లా తాగండి. పిల్లల డాక్టరు రాసిన విటమిన్ డి చుక్కలు, రోజుకు 400 యూనిట్లు, మాత్రం ఆపవద్దు. పాపను వెల్లకిలా, గట్టి పరుపు మీద, మీ గదిలోనే విడిగా పడుకోబెట్టండి. తల గుండ్రంగా రావడానికని పెట్టే ఆవాల దిండు తీసేయండి.

నిజంగానే పాలు చాలని తల్లులు లేకపోలేదు. కాన్పులో రక్తం ఎక్కువగా పోయినవాళ్లు, మాయ ముక్క గర్భాశయంలో మిగిలిపోయినవాళ్లు, థైరాయిడ్ సమస్య అదుపులో లేనివాళ్లు, రొమ్ము శస్త్రచికిత్స జరిగినవాళ్లు, కొందరు పీసీఓఎస్ అనే హార్మోన్ల సమస్య ఉన్నవాళ్లు అందులో ఉంటారు. వీటిలో ఏదైనా మీకు ఉంటే ముందు దానికి చికిత్స చేయించుకోవాలి. నిలోఫర్ ఆసుపత్రిలో 2017లో మొదలైన ధాత్రి తల్లిపాల బ్యాంకులోని దానపు పాలు నెలలు నిండని, జబ్బుగా ఉన్న పిల్లల కోసం, మీ పాపకు కాదు. మీకు కావలసింది మీ పట్టును స్వయంగా చూసి చెప్పగల సలహాదారు. అలాంటి మనిషి మీ ఆసుపత్రిలో ఉన్నారేమో అడగండి. డబ్బాపాలు మొదలుపెట్టమని ఎవరైనా ఏ పరీక్షా చేయకుండా ఒక కంపెనీ పేరు చెప్పి, ఉచితంగా ఒక డబ్బా చేతిలో పెడితే, 1992 నాటి చట్టం ప్రకారం మన దేశంలో అది నిషిద్ధమని గుర్తుంచుకోండి.

వారం తర్వాత పాపను అదే యంత్రం మీద, బట్టలు లేకుండా తూచండి. డబ్బాపాలు లేకుండా 150 గ్రాములకు పైగా పెరిగితే ఆ డబ్బాను అటక మీద పెట్టేయవచ్చు, ఆరో వారం టీకాలకు వెళ్లినప్పుడు మళ్లీ తూచితే చాలు. 100 నుంచి 150 మధ్య ఉంటే పట్టు ఎవరితోనైనా చూపించుకుని నాలుగు రోజులకు మళ్లీ తూచండి. 100 గ్రాముల లోపే పెరిగితే పిల్లల డాక్టరు చెప్పిన కొలతతో డబ్బాపాలు అవసరమే. అప్పుడు కూడా రాత్రి ఒక్కసారి పెద్ద మోతాదులో కాకుండా, పగలు రొమ్ము పట్టిన తర్వాత కొద్దికొద్దిగా ఇవ్వాలి. ఈలోగా పాలు తాగకుండా మగతగా ఉన్నా, ఎనిమిది గంటలుగా మూత్రం పోయకపోయినా, ఒళ్లు పసుపు రంగుకు తిరిగినా, ఒళ్లు చల్లబడినా, జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ తాకినా, అది అర్ధరాత్రి అయినా సరే, తెల్లవారే దాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లండి.